సంచి కాడ ఓ పది నిమిషాలు: ఇల్లు లేనోళ్ళ కష్టం గురించి అడిగిన తమ్ముడికి

ముందు ప్రశ్న ఏంటో చెప్తా. ఇక్కడే వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు అడిగాడు, అక్టోబరు 10 వరల్డ్ హోమ్‌లెస్ డే కదా, వాళ్ళ ఎన్‌ఎస్‌ఎస్ బ్యాచ్ ఓ నలభై మంది ఆర్కే బీచ్ ఫుట్‌పాత్ మీద ఒక రాత్రి పడుకుని, అక్కడున్నోళ్ళకి దుప్పట్లు పంచి, వీడియోలు పెట్టి జనంలో అవగాహన తెద్దామనుకుంటున్నారట. ఇది పనికొస్తుందా, అసలు వాళ్ళ కష్టం ఏంటో తెలిసినోళ్ళెవరైనా వివరంగా చెప్పండి అని.

వివరంగా అన్నాడు కాబట్టి వివరంగానే రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

నేను దీంట్లోకి దిగి పదేళ్ళు దాటింది. మొదట్లో ఆదివారాలు పులిహోర ప్యాకెట్లు పంచే గుంపులో ఒకణ్ణి, తర్వాత నాలుగేళ్ళు ఒక నైట్ షెల్టర్‌లో కేర్‌టేకర్‌గా చేశా, ఇప్పుడు బోర్డూ లేదు బ్యానరూ లేదు, నేనూ ఇంకో ఇద్దరూ వారానికి రెండు రాత్రులు కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండు) నుంచి రైల్వే స్టేషన్, అక్కణ్ణించి పూర్ణా మార్కెట్ దాకా తిరుగుతాం, అంతే.

మీ ఐడియా తప్పని అనను తమ్ముడూ. కానీ నలభై మంది ఫ్రెండ్స్ కలిసి బీచ్‌లో పడుకుంటే మీకు తెలిసేది నేల గట్టిగా ఉంటుందని, దోమలు కుడతాయని. పొద్దున్నే లేచి ఇడ్లీ తిని, రూముకెళ్ళి తలుపేసుకుని మళ్ళీ పడుకుంటారు. రోడ్డు మీదున్నోళ్ళకి అసలు కష్టం మొదలయ్యేది అప్పుడే. ఐదింటికి షాపులోళ్ళు వచ్చి అరుగు మీద నీళ్ళు కొట్టి లేపేస్తారు, అక్కణ్ణించి రాత్రి పదింటి దాకా ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు జరగమంటారు, చేతిలో ఉన్న సంచి ఎక్కడ పెట్టాలి.

సంచి అంటే నవ్వొస్తుందేమో. నాకు ఆ ముక్క బుర్రకెక్కడానికి రెండేళ్ళు పట్టింది. కాంప్లెక్స్ దగ్గర ఒక మామ్మ ఉంటుంది, పార్వతీపురం అవతల ఏదో ఊరు. అప్పటికి ఆమెకి నేను మూడు దుప్పట్లు ఇచ్చుంటాను, ఓ రాత్రి భోజనం ప్యాకెట్ ఇవ్వబోతే వద్దంది. "అన్నం సాల్లే బాబూ, ఓ పది నిమిసాలు ఈ సంచి కాడ నిలబడతావేటి, నీల్లు పోసుకొని వచ్చెత్తాను, నాల్రోజులైపోనాది" అంది. నిలబడ్డా. పాతిక కేజీల బియ్యం సంచి, నోటికి నైలాన్ తాడు. తడి తలతో తిరిగొచ్చి ఏమీ పోలేదు కదా అని తాడిప్పి ఒక్కోటీ తీసి చూసుకుంది, అప్పుడు చూశా నేను: రెండు చీరలు, స్టీలు గ్లాసు, పాలిథిన్ కవర్లో చుట్టిన బీపీ బిళ్ళలు, మడతల దగ్గర చిరిగిపోయిన ఆధార్ జెరాక్సు, కొడుకు నంబరు రాసున్న కేలండర్ ముక్క. అంతకుముందు ఏడాది ఇలాగే బాత్రూంకెళ్ళి వచ్చేసరికి సంచి లేదట, ఒరిజినల్ కాయితాలన్నీ అందులోనే. ఎత్తుకుపోయినోడికి మాత్రం ఏం కలిసొచ్చిందో. ఆమెకి మాత్రం దాంతో పింఛను దారి మూసుకుపోయింది. ఇప్పుడైతే పింఛను 4 వేలు, ఒకటో తారీకు పొద్దున్నే గుమ్మంలోకే తెచ్చిస్తారు, మంచి పద్ధతే, మా అమ్మకీ అలాగే వస్తుంది, కానీ దానికి గుమ్మం ఒకటుండాలి కదా.

అప్పట్నుంచీ రోడ్డు మీద ఎవరు కనిపించినా నా చూపు ముందు సంచి మీదకే పోతుంది. చెప్పులు తల కింద పెట్టుకుని పడుకునేది ఎందుకో, డబ్బులు చెంగున ముడేసి ఆ ముడి నడుములో దోపుకునేది ఎందుకో, పని దొరికినా కొందరు ఎందుకు వెళ్ళరో అన్నీ దీంతోనే అర్థమయ్యాయి. స్లాబ్ పనికి రమ్మంటే సంచితో సహా వెళ్ళలేడు, ఎవరికో అప్పగించి వెళ్ళలేడు. మనం మాత్రం బద్ధకం అనేస్తాం.

మగాళ్ళకి సంచి తర్వాత ఫోను. మేస్త్రీ రాత్రి ఫోన్ చేసి రేపు మధురవాడ రా అంటాడు, ఫోన్ ఎత్తకపోతే ఇంకొకడికి చేస్తాడు. టీ కొట్టు దగ్గర పదో ఇరవయ్యో ఇచ్చి చార్జింగ్ పెట్టుకుంటారు, తెల్లవారుజామున మూడింటికి మంచి నిద్రలో ఉండగా జేబు కోసేస్తారు. ఇక చూడండి, ఫోన్ పోయిందంటే సిమ్ పోయింది, సిమ్ మళ్ళీ తీసుకోవాలంటే ఆధార్ అడుగుతారు, ఆధార్ డౌన్‌లోడ్ చేద్దామంటే ఓటీపీ ఆ పోయిన నంబరుకే వెళ్తుంది. మీరూ నేనూ అయితే నాన్న ఫోన్ తీసుకుని, స్కూటర్ వేసుకుని సెంటర్‌కెళ్ళి సాయంత్రానికి తేల్చేస్తాం. ఒకతనికి ఇది తేలడానికి నాతో కలిసి తిరిగితేనే ఏడు వారాలు పట్టింది, ఆ ఏడు వారాలూ పని లేదు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా దారుణం. సులభ్ కాంప్లెక్స్‌కి వెళ్ళిన ప్రతిసారీ డబ్బులు, రాత్రి మూసేస్తారు, అందుకని సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు తాగడం మానేస్తారు. వైజాగ్ ఉక్కలో, మే నెలలో. మూత్రంలో మంట అని ఎంతమంది చెప్పారో నాకు, చెప్పడానికి కూడా సిగ్గుపడుతూ. రాత్రంతా స్టేషన్ దగ్గరో ఆసుపత్రి క్యాజువాలిటీ ముందో లైట్ల కింద కూర్చునే ఉంటారు, అక్కడ జనం ఉంటారని. పగలు ఏ బస్టాపులోనో ఒరిగి నిద్రపోతారు. పట్టపగలు పడుకున్న ఆడమనిషిని చూసి తాగి పడిపోయిందిరా అంటుంటారు కదా, చాలాసార్లు అది రాత్రంతా మేలుకున్న నిద్ర.

దుప్పట్ల గురించి కొంచెం కటువుగానే చెప్తా. ఢిల్లీలో చలికి జనం చచ్చిపోతున్నారని టీవీలో చూసి డిసెంబర్లో ఇక్కడ దుప్పట్లు పంచుతారు. మనూర్లో చలి చంపేంత ఉండదు, మనూర్లో వాన. అక్టోబరు నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు ఆగదు, తడిసిన దుప్పటి మోయలేరు, ఆరేసుకోడానికి చోటు లేదు, అక్కడే వదిలేస్తారు. తర్వాత ఇచ్చినవాళ్ళే చూసి, చూశారా ఎంత నిర్లక్ష్యమో అంటారు. మీరు పంచదల్చుకుంటే టార్పాలిన్ ముక్కలు ఇవ్వండి, కాయితాలు పెట్టుకునే జిప్ కవర్లు, చెప్పులు, లోపలి బట్టలు, ఆడవాళ్ళకి ప్యాడ్లు, ఓడోమాస్, సబ్బు. లోపలి బట్టలు ఎవరూ ఇవ్వరు, అందరూ పాత చొక్కాలే ఇస్తారు.

భోజనం కూడా అంతే. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర మార్గశిరం గురువారాలు చూడండి, సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు 32 కిలోమీటర్లూ ప్రసాదాలే, పంచేవాళ్ళు ఎక్కువైపోయి తినేవాళ్ళని వెతుక్కుంటారు. ఆ మర్నాడు చూస్తే ఎవడూ ఉండడు. ఇప్పుడు అన్న క్యాంటీన్లో పూటకి 5 రూపాయలు కాబట్టి కాళ్ళు చేతులు ఆడేవాళ్ళకి తిండి కొంత నయం. నడవలేనివాళ్ళకి, ఆసుపత్రి బెడ్ మీంచి లేచొచ్చినవాళ్ళకి మాత్రం అదీ దూరమే.

వీళ్ళంతా అడుక్కునేవాళ్ళే అనుకుంటారు చాలామంది. మా షెల్టర్‌కి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక పని చేసేవాళ్ళే. హోటల్లో ఉల్లిపాయలు కోసేవాళ్ళు, మార్కెట్లో హమాలీలు, చిత్తుకాయితాలు ఏరేవాళ్ళు, హార్బర్లో ఐసు మోసేవాళ్ళు, పెళ్ళిళ్ళకి కేటరింగ్‌లో వడ్డించే కుర్రాళ్ళు. వీళ్ళ కేలండర్ వేరే. ఆషాఢం గానీ మూఢం గానీ వచ్చిందంటే పెళ్ళిళ్ళుండవు, కేటరింగ్ కుర్రాళ్ళు రూము ఖాళీ చేసి రోడ్డు మీదకొస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం, బోటు మీద వేటకెళ్ళే మత్స్యకారుడికి ప్రభుత్వం భృతి ఇస్తుంది, ఐసు మోసేవాడి పేరు ఆ లిస్టులో ఉండదు. నాకైతే మే నెలలో ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల కొత్త మొహాలు కనపడ్డాయంటే ఇంకేం అడగక్కర్లేదు.

మరి పని ఉన్నవాడు రూము తీసుకోవచ్చు కదా అంటారు. రోజుకి ఆరేడొందలు సంపాదించేవాడు నెలకి మూడు వేలు అద్దె కట్టగలడు. కట్టలేనిది అడ్వాన్సు, రెండు మూడు నెలలది ఒకేసారి. అదీ ఎలాగో తెచ్చాడనుకోండి, ఆధార్ ఏది, ఏ కులం, ఫ్యామిలీ ఉందా, ఒంటరి మగాళ్ళకి ఇవ్వం. నేను ఒకతన్ని వెంటబెట్టుకుని కంచరపాలెంలో పదకొండు ఇళ్ళు తిరిగా, నా స్కూటర్ చూసి సార్ కూర్చోండి అన్నవాళ్ళు అతన్ని చూసి నిన్ననే ఇచ్చేశామండి అన్నారు.

జబ్బు చేస్తే ఇంకా కష్టం. టీబీకి మందులు ఫ్రీ, కనీసం ఆరు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా మింగాలి. పోషణ కోసం నెలకి ఇచ్చే డబ్బు కూడా 2024 నవంబరు నుంచి 500 కాస్తా 1000 చేశారు, అది పడేది బ్యాంకు ఖాతాలో. మా దగ్గర ఒకాయనకి ఖాతా లేదు, అది తర్వాత సంగతి, ముందు ఆ బిళ్ళల షీట్లు రెండుసార్లు వానలో నానిపోయాయి. మూడోసారి నుంచి ఒక టీకొట్టాయన పంచదార డబ్బా పక్కన పెట్టి రోజూ పొద్దున్నే టీతో పాటు చేతిలో పెట్టేవాడు. కోర్సు పూర్తయింది. ఆ టీకొట్టాయన చేసినంత పని మా పులిహోర గుంపు రెండేళ్ళలో చెయ్యలేదని నా ఉద్దేశం.

లెక్కల్లోకొస్తే, 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 73 వేల మంది. ఆ లెక్క ఫిబ్రవరి 28 ఒక్క రాత్రిలో తీశారు, అప్పుడు కళ్ళబడ్డవాళ్ళే లెక్కలో ఉన్నట్టు. సుప్రీంకోర్టు 2010లో పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలంది, తర్వాత వచ్చిన కేంద్ర పథకంలో కూడా అదే లెక్క పెట్టారు, ఒక్కోదాంట్లో కనీసం వంద మంది పట్టాలని, మనిషికి 50 చదరపు అడుగులని. 2011 జనాభా ప్రకారమే వైజాగ్ కార్పొరేషన్‌లో 17 లక్షల పైన, ఎన్ని షెల్టర్లు ఉండాలో మీరే లెక్కేసుకోండి. మీ బ్యాచ్‌కి ఇది మంచి పని అవుతుంది, మీ చుట్టుపక్కల షెల్టర్ ఎక్కడుందో, ఎన్ని మంచాలున్నాయో, రాత్రి పదకొండుకి తలుపు తీస్తారో లేదో వెళ్ళి చూసి రాయండి.

షెల్టర్ ఉన్నా ఎందుకు వెళ్ళరు అనేది అందరూ అడిగేదే. కేర్‌టేకర్‌గా చేశా కాబట్టి చెప్తున్నా, మొగుడూ పెళ్ళాం ఉంటే మగాళ్ళు ఒక చోట ఆడాళ్ళు ఒక చోట అంటాం, విడిపోవడం ఇష్టముండదు. మార్కెట్లో లోడు దించే పని తెల్లవారుజామున మూడింటికి, మేమేమో గేటు ఐదింటిదాకా తియ్యం. తాగొస్తే రానివ్వం, ఇందులో మాత్రం నాకు మేం చేసింది తప్పనిపించదు, మిగతావాళ్ళు నిద్రపోవాలి కదా. ఒకాయన అయితే తన కుక్కని రానివ్వలేదని తనూ రాలేదు, నాలుగేళ్ళూ గేటు బయటే పడుకున్నాడు. అన్నిటికన్నా, లాకర్లు లేవు. మళ్ళీ అదే, సంచి.

సరే, మరి ఏం చెయ్యాలి. పడుకునే ప్రోగ్రాం బదులు నాదొక సలహా. పొద్దున్న ఐదింటికి ఒక్కొక్కరూ విడివిడిగా బయల్దేరండి, గుంపుగా కాదు. మీ బట్టలు రెండు జతలు, దుప్పటి, నీళ్ళ సీసా, మీ సర్టిఫికెట్ల జెరాక్సులు ఒక గోనెసంచిలో వేసుకోండి, జేబులో 50 రూపాయలు, ఫోన్ ఇంట్లో పెట్టేయండి. రాత్రి పదింటి దాకా ఆ సంచి భుజం మీంచో చేతిలోంచో వదలకూడదు, ఫ్రెండ్ రూముకి వెళ్ళకూడదు, ఏం కొనకుండా ఎక్కడ కూర్చోనిస్తారో చూడండి. బాత్రూంకి ఎలా వెళ్తారో, మధ్యాహ్నం రెండింటికి నీడ ఎక్కడ దొరుకుతుందో, షాపింగ్ మాల్ సెక్యూరిటీ మీ సంచి చూసి ఏమంటాడో రాసుకోండి. అమ్మాయిలు మాత్రం ఇద్దరిద్దరుగా తిరగండి, రాత్రి ఏడుకల్లా ఆపెయ్యండి. మర్నాడు కాలేజీలో నలభై మంది నలభై రకాలుగా చెప్తే వినేవాళ్ళకి మీ వీడియో కన్నా అది ఎక్కుతుంది.

పెద్దవాళ్ళకి చెప్పాలంటే ఇంకో దారి ఉంది. హుద్‌హుద్ తుఫాను గురించి అడగండి. 2014 అక్టోబరు 12, ఆదివారం. మా ఇంట్లో కిటికీ అద్దాలన్నీ పోయి, కరెంటు లేక, ట్యాంకులో నీళ్ళు లేక, ఫోన్ సిగ్నల్ లేక, బకెట్టు పట్టుకుని క్యూలో నిలబడి, స్నానం లేకుండా ఆఫీసుకెళ్ళిన వారం అది. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ వారం వల్లే. వైజాగ్‌లో ముప్పై దాటిన ప్రతివాడి దగ్గరా ఆ వారం కథ ఒకటుంటుంది, అది చెప్పించి, అంకుల్ మీకు ఆ వారం తర్వాత కరెంటు వచ్చింది కదా అని అడగండి చాలు. ఇంకోటి, ఆ గాలికి ఊర్లో చెట్లన్నీ కూలిపోయాయి కదా, మనకి పచ్చదనం పోయింది అంతే, రోడ్డు మీదున్నోళ్ళకి పగలు ఉండే చోటే పోయింది.

ఫొటోల సంగతి. ఇది నా తప్పు, ఎప్పుడూ చెప్తూనే ఉంటా. మొదటి ఏడాదిలో ఒక పెద్దాయనకి ప్యాకెట్ ఇస్తూ ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టా. ఆయనది శ్రీకాకుళం వైపు, వైజాగ్‌లో వాచ్‌మేన్‌గా చేస్తున్నాను, రూము ఇచ్చారు అని ఇంట్లో చెప్పుకున్నాడు. ఫొటో తిరిగి తిరిగి కూతురి అత్తారింటికి చేరింది. నాలుగో రోజు వెళ్తే ఆయన ఒక్కటే మాట అన్నాడు, "ఎంత పని సేసావు బాబూ". తర్వాత వారం ఆ చోట లేడు. అన్ని స్టేషన్లూ వెతికా, ఇప్పటికీ దొరకలేదు. మీ వీడియోలో మొహాలు వద్దు, వెనకనించి కూడా వద్దు, పిల్లలైతే అసలే వద్దు. మీ మొహాలే చూపించండి, మీకు తెలిసింది మీరే చెప్పండి.

ఫోన్ నంబర్లు కొన్ని మీ వాళ్ళందరికీ కంఠతా రావాలి. ఒంట్లో బాలేక పడిపోయుంటే 108. పెద్దవాళ్ళని వదిలేశారనిపిస్తే 14567, అది ఎల్డర్‌లైన్. పిల్లలైతే 1098. తల్లిదండ్రుల్ని కావాలని వదిలేసిపోవడం 2007 సీనియర్ సిటిజన్ల చట్టం ప్రకారం నేరం, పోషణ ఖర్చుల కోసం ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టొచ్చు, లాయర్ అక్కర్లేదు. తనలో తను మాట్లాడుకుంటూ తిరిగేవాళ్ళని చూసి పిచ్చోడని తప్పుకుపోతారు గానీ, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలాంటివాళ్ళని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చే బాధ్యత పోలీసులది. మన చినవాల్తేరులోనే ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. 112 కి చేసి ఆ సెక్షన్ నంబరు మర్యాదగా చెప్పండి, నంబరు చెప్తే మాట వేరేగా వింటారు, నా అనుభవం.

అన్నిటికన్నా పనికొచ్చేది కాయితాలు. ఒక్కొక్కరు ఒక మనిషిని తీసుకోండి, ఒక్క కాయితం పూర్తిచెయ్యండి, అంతే. గుర్తింపున్న షెల్టర్ అయితే అక్కడి ఇన్‌చార్జి ఇచ్చే సర్టిఫికెట్ ఆధార్‌కి అడ్రస్ ప్రూఫ్‌గా చెల్లుతుంది. ఓటరు కార్డుకైతే అసలు అడ్రస్ ప్రూఫే అక్కర్లేదు, ఇది చాలామందికి తెలీదు. ఫారం 6లో పడుకునే చోటు రాస్తే బూత్ లెవెల్ ఆఫీసర్ (బీఎల్ఓ) రాత్రిపూట వచ్చి నిజంగా అక్కడే పడుకుంటున్నారా లేదా అని చూడాలి, ఒక్క రాత్రి కాదు, ఒకటి కన్నా ఎక్కువ రాత్రులు. అది ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతే.

మామ్మకి అలాగే చేయించాం. అడ్రస్ దగ్గర ఏం రాయాలో తెలీక కాంప్లెక్స్ పక్కన ఫలానా షాపు అరుగు అని రాశాం. బీఎల్ఓ కుర్రాడు రాత్రి పదకొండింటికి బండి మీద వచ్చాడు, టార్చి వేస్తే మామ్మ పోలీసనుకుని లేచి సంచి పట్టుకుని రెండడుగులు పరిగెత్తింది కూడా. మళ్ళీ రెండ్రోజులకి వచ్చాడు, ఈసారి ముందే "మామ్మా నేనే" అని పిలిచాడు. కార్డు వచ్చాక అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఫొటోలో జడ బాగా రాలేదంది, తర్వాత నా చేతిలో పెట్టేసింది, "నీ కాడే ఉంచు బాబూ, నానెక్కడెట్టుకుంటాను". 2024 మే 13 పొద్దున్న ఆరున్నరకే మా వీధి చివర సంచితో నిలబడుంది, కార్డిచ్చా, మా ఆవిడ కాఫీ ఇచ్చి సంచి ఇక్కడే పెట్టి వెళ్ళు మామ్మా అంది. ఒక్క క్షణం ఆలోచించి మా వరండాలో కుర్చీ కింద పెట్టింది, చేతులు ఊపుకుంటూ వెళ్ళి ఓటేసి వచ్చింది.